సెగా గురించి ఒక్క వాక్యమేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన మారిషస్ విహారయాత్ర వ్యాసం సెగా నృత్యాన్ని హోటళ్లలో రాత్రి భోజనం వేళ చూడదగ్గ వినోదమని ఒక్క వాక్యంలో తేల్చేయడం నాకు బాధ కలిగించింది.

ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు పగలంతా తోటల్లో చాకిరీ చేసి, రాత్రి మంట చుట్టూ చేరి అక్కడి వాడుకభాష క్రియోల్ మాటల్లో అప్పటికప్పుడు కట్టుకున్న పాటలతో పుట్టిన ఆట అది. అసభ్యమని దొరలూ చర్చివారూ ఈసడించుకున్నారు. 1835లో బానిసత్వం రద్దయ్యాక కూడా ఆ చిన్నచూపు చాలాకాలం పోలేదు. 1964లో లే మోర్న్ కొండ దగ్గర జరిగిన సెగా రాత్రిలో గాయకుడు తి ఫ్రేర్‌కు 'సెగా రాజు' అన్న గౌరవం దక్కింది. 2014లో యునెస్కో ఈ కళను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

రెండేళ్ల కిందట మారిషస్‌లో బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు సెగాకు వాయించే రావన్‌ను దగ్గరగా చూశాను. చెక్క చట్రానికి మేకతోలు బిగించిన వెడల్పాటి వాద్యం. సముద్రపు తేమకు తోలు వదులైపోతే, ఒక పెద్దాయన ఎండుటాకుల మంట మీద దాన్ని తిప్పి తిప్పి కాచి, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్లీ కాచాడు. మా ఊరి జాతరలో డప్పు కాచేవాళ్లే కళ్లముందు మెదిలారు. హోటళ్లలో వాయించేవాటికి ఎక్కువగా ప్లాస్టిక్ తోలు ఉంటుందట, దానికి మంటతో పని లేదు. గింజలు పోసిన మరవాన్ పెట్టె గలగలలకు, ఇనుప త్రికోణం మోతకు ఆడామగా ఎదురెదురుగా నిలిచి, పాదాలు నేల విడవకుండా జరుపుతూ, ఒకరినొకరు తాకకుండానే మోకాళ్ల మీదికి వంగుతారు.

మా కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి కూలీలుగా ఓడలెక్కినవాళ్లను ఆ దీవిలో కోరంగీలన్నారు. అక్కడ ఉగాదికి సెలవుందని మన పత్రికలు గర్వంగా రాస్తాయి, రాయాలి కూడా. కాని మనవాళ్లకంటే ముందు ఆ చెరకు నరికినవాళ్ల వాద్యానికీ అంత చోటు ఇవ్వాలి.

2017లో యునెస్కో గుర్తింపు పొందిన, మారిషస్‌కే చెందిన రోడ్రిగ్స్ దీవి సెగా గురించి, సైనిక స్థావరం కోసం తమ దీవుల నుంచి వెళ్లగొట్టబడిన చాగోస్ ప్రజల సెగాను 2019లో తక్షణం కాపాడవలసిన కళగా ఎందుకు చేర్చారో, అక్కడివాళ్లతో మాట్లాడి ఒక పూర్తి వ్యాసం వేయవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కాకినాడ