గ్డాన్స్క్ నుంచి శీనుకి, ఒక ఓటు సంగతి

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం ఆగస్టులో వచ్చింది, నేను అక్టోబర్ ఆఖర్లో రాస్తున్నా, తప్పంతా నాదే. ఆరోగ్యం బాగుంది, థీసిస్ సగం అయింది, చలి మొదలైంది, పిన్ని పంపిన కందిపొడి డబ్బా ఖాళీ అయింది. వార్తలు అంతే. అసలు సంగతి వేరే ఉంది, రెండు వారాలుగా నీకు చెప్పాలని కొట్టుకుపోతున్నా.

2023 అక్టోబర్ 15న ఇక్కడ పోలండ్‌లో పార్లమెంట్ ఎలక్షన్ అయింది. మా ఇంటావిడ ఉందని రాశా కదా, 78 ఏళ్ళు, నేను బాబ్చా అంటాను, అంటే నానమ్మ అని. కళ్ళకి శుక్లాలు, అందుకని నన్ను తోడు తీసుకెళ్ళింది. పోలింగ్ బూత్ మా వీధి చివర స్కూల్లో. క్యూ మెట్లు దిగి, గేటు దాటి రోడ్డు మీదకొచ్చేసింది, దేశం మొత్తం మీద 74 శాతం పోలింగ్ అంట, 1989 తర్వాత ఇంత ఎప్పుడూ కాలేదు. లోపల గోడకి అభ్యర్థుల లిస్టులు అంటించారు, చీమ తలకాయంత అక్షరాలు. బాబ్చా నా చెయ్యి గట్టిగా పట్టుకుని "ఆడపిల్లల పేర్లు చదువు, కింద నుంచి పైకి రా" అంది.

ఇక్కడ పేర్లలో ఆడా మగా పట్టడం తేలికరా. మగవాడి ఇంటిపేరు చివర స్కీ అని ఉంటే వాళ్ళావిడకి స్కా అవుతుంది, అలా లేకపోయినా అసలు పేరు చివర దాదాపు ఎప్పుడూ 'ఆ' ఉంటుంది. నేను గోడ మీద వేలు పెట్టి స్కా, స్కా అని వెతుక్కుంటూ పోతుంటే వెనకాల నిలబడ్డ కుర్రాడు కూడా వెతకడం మొదలెట్టాడు! మన ఏడో క్లాసు అటెండెన్స్ రిజిస్టర్ గుర్తొచ్చింది, నీకూ ఇప్పుడు అదే గుర్తొస్తుందని నాకు తెలుసు.

కింద నుంచి ఎందుకంటే, ఇక్కడ పార్టీ లిస్టులో ఒక్క పేరు పక్కన క్రాస్ గుర్తు పెట్టాలి, పార్టీకి వచ్చిన సీట్లు ఎక్కువ క్రాసులు వచ్చిన వాళ్ళకి పోతాయి. జనం ఎక్కువగా పైనున్న పేరుకే వేస్తారు, ఆ పై పేర్లు ఎక్కువగా మగవాళ్ళవే. 2009లో ఆడవాళ్ళంతా మహాసభ పెట్టుకుని లిస్టులో సగం మాకివ్వండి అని లక్షన్నరకి పైగా సంతకాలు పట్టుకెళ్ళారు, పార్లమెంట్ దాన్ని 35 శాతానికి కుదించి 2011లో చట్టం చేసింది, ఆ 35 శాతం ఆడవాళ్ళ పేర్లు లిస్టులో ఎక్కడుండాలో మాత్రం రాయలేదు. ఆ ఏడాదే ఎలక్షన్ వస్తే అభ్యర్థుల్లో 40 శాతం పైన ఆడవాళ్ళు, గెలిచింది 24 శాతం. ఈ 2023 ఎలక్షన్లోనూ 30 దాటలేదు. సెప్టెంబర్లో మన దగ్గర పాసైన 33 శాతం మహిళా బిల్లులో సీటే ఆడవాళ్ళది, అది బాగుంది, కానీ జనాభా లెక్కలయ్యాక, నియోజకవర్గాలు మార్చాక అన్నారు కదా... సరే అది ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఎందుకింత పట్టుదల బాబ్చా అని అడిగా. క్యూలో గంటన్నర నిలబడ్డాం, ఆ గంటన్నరా చెబుతూనే ఉంది.

1980 ఆగస్టు. ఇక్కడి లెనిన్ షిప్‌యార్డులో అన్నా వలెంతినోవిచ్ అని క్రేన్ ఆపరేటర్, పెన్షన్‌కి ఐదు నెలలుందనగా ఉద్యోగం పీకేశారు. ఆవిడని తిరిగి తీసుకోవాలని 14న స్ట్రైక్ మొదలైంది. ప్యెంకోవ్‌స్కా అనే నర్సు, షిప్‌యార్డు క్లినిక్ ఫోన్ ఒక్కటే పనిచేస్తుంటే దాంట్లోంచి వార్సాకి కబురు చెప్పింది. 16 శనివారం యాజమాన్యం దిగొచ్చింది, అన్నాకి ఉద్యోగం, అందరికీ జీతం పెంపు. స్ట్రైక్ నాయకుడు వలేసా అయిపోయిందని ప్రకటించేశాడు, జనం గేట్ల వైపు నడిచారు. అప్పటికి ఊళ్ళో మిగతా ఫ్యాక్టరీలు, బస్సులు, ట్రాములు అన్నీ స్ట్రైకులోనే ఉన్నాయి, వాళ్ళ గతేంటి? ముందురోజే తన ట్రామ్ ఆపేసిన డ్రైవర్ హెన్రికా క్షివోనోస్ మీరు వదిలేసి పోతే మేం నాశనమైపోతాం అని అరిచింది. అన్నా, ఆ నర్సు గేట్ల దగ్గరికి పరిగెత్తి వెళ్ళేవాళ్ళని ఆపారు.

బాబ్చా వాళ్ళాయన అప్పుడు అందులో వెల్డర్. ఈవిడ గేటు బయట రొట్టె మూట పట్టుకుని నిలబడి ఉంది, ఆయన బయటికొచ్చేశాడు కూడా, అంతలో లోపల్నుంచి ఆ నర్సు గొంతు. ఆయన ఈవిడ మొహం వంక చూశాడంట. ఈవిడ మూట చేతిలో పెట్టి "పో లోపలికి" అంది. అంతే. చెబుతూ చెబుతూ నా కోటు బటన్ పట్టుకుని లాగేసింది, ఊడిపోయింది, ఇంకా కుట్టలేదు, కుట్టబుద్ధి కావట్లేదు కూడా.

ఆ స్ట్రైక్ 31 వరకూ నడిచింది, సాలిడారిటీ అనే స్వతంత్ర యూనియన్ వచ్చింది. మరి 1989లో కమ్యూనిస్టు ప్రభుత్వంతో చర్చలకి రౌండ్ టేబుల్ దగ్గర 50 మందికి పైగా కూర్చుంటే ఆడవాళ్ళు ఇద్దరురా! సాలిడారిటీ తరఫున ఒక్కరే, గ్రజీనా స్తనిషెవ్‌స్కా. 1980లో సెయిమ్‌లో, అంటే ఇక్కడి పార్లమెంట్ కింది సభలో, 23 శాతం ఆడవాళ్ళు, 1989లో 13, పూర్తి స్వేచ్ఛగా జరిగిన 1991 ఎలక్షన్లో 10కి పడిపోయింది. "అప్పుడు సెయిమ్ చేతిలో ఏమీ లేదు, కాబట్టి మమ్మల్ని కూర్చోబెట్టారు, పని ఉన్న కుర్చీ వచ్చేసరికి మమ్మల్ని లేపేశారు" అంది. ఆ ట్రామ్ డ్రైవర్ సెయిమ్‌కి గెలిచేసరికి 2015 అయింది, 35 ఏళ్ళు!

శీనూ, నాకు అక్కడే ఏడుపొచ్చింది. మీ పంచాయతీ ఆఫీసు, ఆ నీలం కుర్చీ, పిన్ని సర్పంచై కూడా బెంచీ మీద... నువ్వూ నేనూ గుమ్మంలో నిలబడి చూశాం, ఏమీ అనలేదు. ఆ రోజు గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు కదా.

బాబ్చా బయటికొచ్చి పదిహేడో నంబర్ అమ్మాయికి వేశా అంది. ఆ అమ్మాయి గెలిచిందో లేదో వెతికి చూద్దామంటే వద్దంది, నేను చూశా, గెలవలేదు, ఇంకా చెప్పలేదు, ఎలా చెప్పాలో...

ట్రామ్ వచ్చేస్తోంది, స్టాపులోనే రాస్తున్నా. ఈ ఉత్తరం పిన్నికివ్వు. నువ్వు చదివి వినిపించకు, ఆవిడే చదువుకుంటుంది. ఉంటా,

నీ
సుజ్జి