భోజనశాల, ఆరోగ్య కేంద్రం ప్లానుపై సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం. విద్యార్థుల భోజనశాలను, ఆరోగ్య కేంద్రాన్ని ఒకే భవనంలోకి తెచ్చే ప్లాను ముసాయిదాలో వంటగదిని నైరుతి మూలన చూపడం నాకు సమ్మతంగా లేదు. తిరుపతిలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా నైరుతి, పడమర దిక్కుల నుంచే వీస్తుంది కనుక తాలింపు ఘాటు, పొగ పై అంతస్తులోని యోగా హాలును వదలవు. వంటగదిని ఆగ్నేయానికి మార్చి (వాస్తు చూసేవారూ సంతోషిస్తారు), కౌన్సెలింగ్ గదులను వాయవ్యంలో ఉంచితే, ఈశాన్య రుతుపవన కాలంలోనూ వాటికి ఆ బెడద తక్కువగా ఉంటుంది.

గ్యాస్ సిలిండర్లను బేస్‌మెంటులో ఉంచాలన్న సూచనను మాత్రం పూర్తిగా విరమించుకోవాలి. ఎల్‌పీజీ ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి, లీకైతే పల్లంలోనే పేరుకుపోతుంది. సిలిండర్ల గది భవనం వెలుపల, నేల మీదే, గోడల అడుగు భాగాన జాలీలతో ఉండాలి.

కౌన్సెలింగ్‌కు వచ్చే విద్యార్థి భోజనాల వరుస ముందునుంచి నడవాల్సి వస్తే అసలు రావడమే మానేస్తాడు. కాబట్టి ఆ విభాగానికి వేరే ద్వారం, వేరే మెట్లు, లిఫ్టు తప్పనిసరి. వాయవ్యంలోని ఆ గదులపై పడే పడమటి ఎండకు వరండా చాలు. మిగతా వేళల్లో భోజనశాలను చదువుకోవడానికి వాడుకోవచ్చన్న ఆలోచన బాగుంది, అయితే గిన్నెలు కడిగే చోటు చప్పుడు హాల్లోకి రాకుండా మధ్యలో గోడ కావాలి.

మీ అభిప్రాయాలను ఆదివారం సాయంత్రంలోగా ఇక్కడే తెలియజేయగలరు.