గ్రో బ్యాగులు, కొబ్బరి పొట్టు నాణ్యతపై ఫిర్యాదు

మల్కాజిగిరి,
హైదరాబాద్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఎండకు పొడి రాలిన గ్రో బ్యాగులు, ఉప్పు వదలని కొబ్బరి పొట్టు – డబ్బు వాపసు గురించి

నమస్కారం.

మా మిద్దె తోట కోసం మీ వెబ్‌సైట్‌లో 12 అంగుళాల గుండ్రటి గ్రో బ్యాగులు, 5 కిలోల కొబ్బరి పొట్టు ఇటుకలు, ఒక చేతి స్ప్రేయర్ తెప్పించుకున్నాను. స్ప్రేయర్ శుభ్రంగా పనిచేస్తోంది, దానితో నాకు పేచీ లేదు. మిగతా రెండింటి గురించే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే మీ వాళ్లు వినిపించుకోలేదు. మెయిల్ పెడితే జవాబు వచ్చింది. ఆ జవాబు చదివాకే ఇంత వివరంగా రాయాలనిపించింది.

ముందు బ్యాగుల సంగతి. మీ పేజీలో "240 జీఎస్‌ఎం, యూవీ ట్రీటెడ్, ఐదేళ్ల మన్నిక" అని ఉంది. అంతకంటే చవకవి దొరుకుతున్నా అది చూసే మీవి కొన్నాను. సంక్రాంతి వెళ్లాక మట్టి నింపి టమాటా, వంగ, బెండ పెట్టాను. మే నెల దాటకముందే సాయంత్రపు ఎండ తగిలే పడమటి పక్క పాలిపోయి, వేలితో రుద్దితే తెల్లటి పొడి రాలడం మొదలైంది. ఆ పొడంతా మట్టిలో కలుస్తోంది, ఏరుదామంటే చేతికి రాదు. మందులు కొట్టని కూరలు తిందామనే కదా ఈ తంటాలన్నీ, ప్లాస్టిక్ నలుసుల మట్టిలో పండిన బెండకాయలు తినడానికా? పైగా వంగ మొక్క ఉన్న బ్యాగును నీడకు జరపబోతే పట్టీ కుట్టుతో సహా ఊడి చేతికొచ్చింది. తడి మట్టితో అది 20 కిలోల దాకా ఉంటుంది. మావారి కాలి మీద పడాల్సింది, అదృష్టం బాగుండి పక్కన పడింది.

దీనికి మీరిచ్చిన జవాబు: "ఉత్పత్తిని నేరుగా ఎండలో ఉంచడం వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు." అయ్యా, కూరగాయల బ్యాగును ఎండలో కాక బీరువాలో పెట్టుకుంటామా? టమాటాకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలని మీ పేజీలోనే సలహా రాశారు. యూవీ ట్రీటెడ్ అని డబ్బు తీసుకున్నదే ఎండకు ఆగుతుందని.

అనుమానం వచ్చి ఆ 240 సంగతీ చూశాను. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో అదే జీఎస్‌ఎం. 10 సెంటీమీటర్ల చదరపు ముక్క అందులో నూరో వంతు, కాబట్టి 2.4 గ్రాములు తూగాలి. వాడని బ్యాగు అడుగున కుట్టు తగలకుండా స్కేలు పెట్టి గీసి, కత్తిరించి, మా వీధి చివర నగల షాపులో తూకం వేయించాను. 1.6 వచ్చింది. షాపాయన నమ్మక, ముక్కను దులిపి మళ్లీ పెట్టాడు. అదే 1.6. అంటే 160 జీఎస్‌ఎం సరుకు. ధర మాత్రం 240కి కట్టించుకున్నారు.

ఇక కొబ్బరి పొట్టు. పీచు తీయడానికి చాలాచోట్ల కొబ్బరి డొక్కలను ఉప్పునీటిలో నానబెడతారు కాబట్టి పొట్టులో ఉప్పు మిగిలిపోతుంది. మంచినీళ్లతో బాగా కడిగిన దాన్ని 'లో ఈసీ', అంటే ఉప్పు తక్కువున్నది అని కాస్త ఎక్కువ ధరకు అమ్ముతారు. మీ ప్యాకెట్ మీద ఆ మాట పెద్ద అక్షరాల్లో ఉంది. అందులో పోసిన మిరప నారు ఆకుల అంచులు మాడి గోధుమ రంగుకు తిరిగాయి. పురుగు లేదు, ముడత లేదు. ఫిల్టర్ సర్వీసుకు వచ్చిన అబ్బాయి దగ్గర నీళ్లలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటరు ఉంటే, నానిన పొట్టును పిండి, ఆ నీళ్లలో అది పెట్టించాను. మా నల్లా నీళ్లకు 280 చూపిన మీటరు ఇక్కడ 1,900 దాటింది. "ఏం నీళ్లు మేడమ్ ఇవి?" అన్నాడు.

నాలుగైదు సార్లు కడిగితే పోతుందని మీ కాల్ సెంటర్ అమ్మాయి తేలిగ్గా చెప్పింది. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఇంట్లో పొట్టు కడగడానికి నీళ్లెక్కడివి? కడుక్కోవాల్సిన సరుకైతే ఆ ముక్క ప్యాకెట్ మీద రాసి, ఆ ధరకే అమ్మండి. ఎవరూ కాదనరు.

మా అపార్ట్‌మెంట్‌లో ఇంకొందరు మీ బ్యాగులే కొనబోతూ నన్నడిగారు. పట్టీ పై అంచుకే కుట్టారా, బ్యాగు అడుగు దాకా దిగిందా చూడమన్నాను. ముందు ఒక్కటే తెప్పించుకుని ముక్క తూచమన్నాను. పొట్టు మాత్రం ఒక ఇటుక నానబెట్టి చూశాకే మిగతావి కొనమన్నాను.

బ్యాగులకు, పొట్టుకు కట్టిన డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వండి. కూపన్లు, తర్వాతి ఆర్డర్‌లో తగ్గింపులు నాకొద్దు. ఆ 240 నిజం కాకపోతే పేజీలోంచి తీసేయండి. కొన్నది మీ సైట్‌లోనే కాబట్టి 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, నంబరు కూడా సైట్‌లో పెట్టాలి. ఎంత వెతికినా నాకు కనపడలేదు, అందుకే మీకు రాస్తున్నాను. నెలలో తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు కూడా లేదు. అంతదూరం వెళ్లాలని నాకూ సరదా లేదు, వానలు ముదిరేలోపు మొక్కలు మార్చుకునే పని ఉంది.

వాడని బ్యాగులు, విప్పని ఇటుకలు మూట కట్టి ఉంచాను. మనిషిని పంపేముందు ఫోన్ చేయించండి, మధ్యాహ్నం పూట మా వాచ్‌మన్ గేటు దగ్గర ఉండడు.

ఇట్లు,
మీ వినియోగదారు

జత: బిల్లు, బ్యాగుల ఫొటోలు, తూకం వేసిన ముక్క, మీ మెయిల్ కాపీ