సరిహద్దు దాటే పంటి వైద్యం

సంపాదకులకు,

పంటి వైద్యం కోసం సరిహద్దు దాటేవారిని తప్పుపట్టలేం. ఖర్చు భరించలేక ఏళ్ల తరబడి ఒక పక్కనే నమిలేవారి బాధ చిన్నది కాదు. అమెరికన్లను మెక్సికోలోని సరిహద్దు పట్టణం లాస్ అల్గొడోనెస్‌కు నడిపిస్తున్నది ఆ ఖర్చే. పుచ్చు పూడ్పించుకోవడానికైతే ఒక్క ప్రయాణం చాలు. ఊడిన పన్ను స్థానంలో పెట్టే ఇంప్లాంటు సంగతి వేరు. దవడ ఎముకలో బిగించిన మర అతుక్కోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. చాలామందికి ఆ తర్వాతే పైన పన్ను అమరుస్తారు. ఈలోగా చిగుళ్లు వాచి, అర్ధరాత్రి చీము కారితే చూసేదెవరు? ఏ సంస్థ ఇంప్లాంటో, ఏ సైజో తెలియకపోతే ఇంటి దగ్గరి వైద్యుడు దానిపై చేయి వేయడానికే వెనకాడతాడు. ఎక్స్‌రేలు, ఆ వివరాలున్న కాగితాలు చేతికందకుండా ఆ క్లినిక్ గడప దాటవద్దని వెళ్లేవారిని వేడుకుంటున్నాను.

– ఒక పాఠకురాలు