జానీ ములాగ్ కథ మా పిల్లలకూ చెప్పండి

విక్టోరియా రాష్ట్ర క్రీడా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2024 బాక్సింగ్ డే టెస్టులో మా విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఇక్కడి మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ)లో సెంచరీ కొట్టినప్పుడు స్టాండ్స్‌లో మేం ఏడ్చినంత పని చేశాం. ఏటా డిసెంబర్ 26న మొదలయ్యే ఆ టెస్టులో ఉత్తమ ఆటగాడికి ఇచ్చేది జానీ ములాగ్ మెడల్. 2020లో దాన్ని మొదట అందుకున్నది మా అజింక్య రహానే. కానీ ములాగ్ ఎవరని మా అబ్బాయి అడిగితే నా దగ్గర జవాబు లేదు.

తర్వాత చదివాను. 1868లో ఇంగ్లండ్ వెళ్లిన మొదటి ఆస్ట్రేలియా క్రికెట్ జట్టు అక్కడి మూలవాసులైన అబొరిజినల్ ఆటగాళ్లదే. 47 మ్యాచ్‌లు ఆడి 14 గెలిచారు, 14 ఓడారు, మిగతావి డ్రా. ఆ జట్టులోని ములాగ్ ఒక్కడే 1,698 పరుగులు చేశాడు. కింగ్ కోల్ అనే ఆటగాడు జబ్బు చేసి లండన్‌లోనే చనిపోయాడు. మరుసటి ఏడాదే విక్టోరియాలో వచ్చిన చట్టం, అబొరిజినల్ జనం ఎక్కడ ఉండాలో, ఏ పని చేయాలో నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వం చేతిలో పెట్టింది. ఇది చదివాక రెండు రోజులు మనసు బాగోలేదు.

మా కోరిక ఒక్కటే. మ్యాచ్ రోజున పెద్ద తెర మీద ఈ కథ తెలుగు, హిందీ, పంజాబీల్లో కూడా వేయించండి. కథ చెప్పేది మాత్రం ములాగ్ సొంత జనమైన జర్ద్వాడ్జలి వాళ్లే కావాలి. అనువాదానికి మేమున్నాం, డబ్బు అక్కర్లేదు.

ఇట్లు,
మెల్‌బోర్న్‌లో ఉంటున్న ఒక తెలుగు తండ్రి