ఇటలీ పల్లెటూరి ఇల్లు: మీకు చెప్పకుండా అమ్మిన సంగతులు

నమస్కారం అండీ. మా ద్వారా ఇటలీకి వెళ్లొచ్చినవాళ్లకీ, వచ్చే ఏడాదికి బుక్ చేసుకున్నవాళ్లకీ ఇది రాస్తున్నాను.

మూడేళ్లుగా టస్కనీలో అగ్రిటూరిజ్మో ఇళ్లు, అంటే రైతులు తమ పొలంలోనే అతిథులకు అద్దెకిచ్చే ఇళ్లు, మీకు బుక్ చేసి పెడుతున్నాను. ఫొటోలు చూసి, ఫోన్లో మాట్లాడి. ఈ అక్టోబర్ దాకా వాటిలో ఒక్క ఇంట్లోనూ నేను ఒక్క రాత్రి పడుకోలేదు. పోయినేడు అక్టోబర్ ఆఖర్లో వెళ్లిన ఒక కుటుంబం ఫోన్ చేసి "చలికి వణికిపోయాం, రాత్రి కరెంట్ పోయింది, ఓనర్ కనిపించనే లేదు" అంటే, "పల్లెటూరు కదండీ, కాస్త సర్దుకోవాలి" అన్నాను. ఈ అక్టోబర్‌లో అదే ఇంటికి మా వాళ్లను తీసుకుని వెళ్లాను. సియెనా ఊరి బయట, రాతి గోడల ఇల్లు. మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్యగారు.

మొదటి రాత్రే గదిని వేడిచేసే రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూస్తే మంచుగడ్డలా ఉంది. పాడైందనుకున్నాను. కాదు. ఇటలీలో హీటింగ్ ఎప్పుడు వేయాలో ప్రాంతాన్ని బట్టి రూల్ ఉంది. సియెనా ఉన్న జోన్‌లో నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా, అదీ రోజుకు 12 గంటలే. మేం దిగింది అక్టోబర్ 26న. ఐదేళ్ల పిల్ల స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని పడుకుంది. పోయినేడు ఆ కుటుంబానికి నేను ఇచ్చిన సలహా అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇక కరెంట్. అక్కడ మామూలు ఇళ్లకు కనెక్షన్ 3 కిలోవాట్లే. అత్తయ్యగారు రైస్ కుక్కర్ పెట్టారు, మావారు టీకి కెటిల్ ఆన్ చేశారు, నేను ఓవెన్లో వంకాయలు పెట్టాను. టప్. ఇల్లంతా చీకటి. మీటర్ ఇంట్లో లేదు, గేటు దగ్గర గోడలో ఉంది. వాన పడుతోంది, నేల జిగట మన్ను. మావారు ఫోన్ లైట్ పట్టుకుని జారుకుంటూ వెళ్లి మీట ఎత్తి వచ్చేసరికి అత్తయ్యగారు చీకట్లోనే "ఇంతకీ అన్నం ఉడికిందా?" అని అడుగుతున్నారు. ఓవెన్, కెటిల్ ఒకేసారి వేయకూడదని ఒక్క ముక్క ముందే చెబితే సరిపోయేది. ఆ ముక్క మీకు నేనెప్పుడూ చెప్పలేదు.

ఓనర్ సంగతి మాత్రం మీరు అనుకున్నట్టు కాదు. ఇటలీలో 2006 నాటి చట్టం ప్రకారం ఇలాంటి చోట వ్యవసాయమే ప్రధానంగా సాగాలి, అతిథుల పని దాన్ని మించకూడదు. మేం వెళ్లేసరికి ఆయన, కొడుకు ఆలివ్ చెట్ల కింద వలలు పరిచి, పొడుగు కర్రకు బిగించిన దువ్వెనతో కొమ్మలు దువ్వుతున్నారు. తాళం గుమ్మం పక్క కుండీ కింద ఉంది. ఈ ఇంటి గురించి మా పేజీలో రిసెప్షన్ అని నేను రాసిన మాట తప్పు, తీసేశాను. రెండోరోజు ఆయన గానుగ నుంచి అప్పుడే తెచ్చిన నూనె సీసా ఇచ్చారు. ఆకుపచ్చగా, మింగితే గొంతులో మిరియం కొరికినట్టు ఘాటు. అత్తయ్యగారు దాన్ని వేడన్నంలో కలుపుకుని, ఆ తర్వాత చలి గురించి మాట్లాడటం తగ్గించారు.

కారు లేకుండా ఆ ఇళ్లకు పంపను, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా కారు బుక్ చేయను. సియెనా, ఫ్లోరెన్స్ పాత ఊళ్లలోకి బయటి కార్లు పోకూడని హద్దులుంటాయి, అక్కడ కెమెరాలు. మీరు తిరిగొచ్చాక కూడా, 360 రోజుల లోపు ఎప్పుడైనా ఫైన్ కాగితం ఇంటికి రావచ్చు.

ఇకమీదట అక్టోబర్ రెండో సగానికి గది వెచ్చబడేందుకు కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లే ఇస్తాను. అలాంటివి మా దగ్గర ఇప్పటికి రెండే, కాబట్టి బుకింగ్‌లు తగ్గుతాయి. పోయినేటి కుటుంబానికి నా కమిషన్ మొత్తం వెనక్కి పంపాను. ఆ ఇంటావిడ డబ్బు గురించి ఏమీ అనలేదు, "మీకూ కరెంట్ పోయిందా?" అని అడిగి చాలాసేపు నవ్వారు.