కాశీ ఫ్లైట్ టైం గురించి

అందరికీ ఒకేసారి చెప్తున్నా, విడివిడిగా ఫోన్లు చేయకండి. శంషాబాద్ నుంచి వారణాసికి గాలిలో సుమారు 1,020 కిలోమీటర్లు, నేరుగా వెళ్లే విమానమైతే రెండు గంటలు, అంతే. రైల్లో అయితే ఒక రోజు పైనే పడుతుంది, పిన్నీ, మీ మోకాళ్లకి అది వద్దు.

కానీ రెండు గంటలే కదా అని ఇంట్లో తాపీగా కూర్చోవద్దు. సికింద్రాబాద్ నుంచి ఎయిర్‌పోర్టుకే ట్రాఫిక్‌లో గంటన్నర, పైగా లగేజీ కౌంటర్ గంట ముందే మూసేస్తారు. పోయినసారి నేను ఆరాంఘర్ దగ్గర క్యాబ్‌లో ఇరుక్కుని, చివరికి చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దాకా పరిగెత్తాను, బాబాయ్ ఇప్పటికీ నవ్వుతాడు. పుష్పక్ బస్సు అయినా సరే, మూడున్నర గంటల ముందు బయల్దేరండి.

అక్కడ దిగాక బాబత్‌పూర్ ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ఇంకో 25 కిలోమీటర్లు. డిసెంబరు, జనవరిల్లో పొద్దున పొగమంచుకి విమానాలు ఆలస్యమవుతాయి, మధ్యాహ్నం టికెట్టే చూస్తున్నా. అన్నట్టు, పూజ సామాన్లలో ఎండు కొబ్బరి చిప్పలు పెట్టకండి, బ్యాగు విప్పించి తీసేస్తారు. ఆధార్‌లో పేరు ఎలా ఉందో అలాగే రాత్రికల్లా పంపండి.